వృద్ధాశ్రమమా, సీనియర్ ఫ్లాటా, నర్సింగ్ కేరా, ఇంట్లోనే అటెండెంటా?

ఇంగ్లండులో తల్లికో తండ్రికో కేర్ హోం వెతికేవాళ్ళు, హోములను తనిఖీ చేసే అక్కడి అధికార సంస్థ కేర్ క్వాలిటీ కమిషన్ వెబ్‌సైటు తెరిస్తే చాలు. ఆ హోంను ఎప్పుడు తనిఖీ చేశారు, ఏ గ్రేడు ఇచ్చారు, ఎక్కడ తప్పు పట్టారు, అన్నీ అక్కడే దొరుకుతాయి. అమెరికాలో నర్సింగ్ హోములకు, వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ వాళ్ళు ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇస్తారు. మన దగ్గర అలాంటిది లేదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మందికి చోటు ఉండేలా పెట్టవచ్చని రాష్ట్రాలకు చెప్పింది. డబ్బు తీసుకుని నడిపే హోములకు గ్రేడు ఇచ్చి ఆ నివేదికను జనం ముందు పెట్టే ఏర్పాటు మాత్రం అందులో లేదు. హోములన్నీ రిజిస్టరు కావాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అంటూ 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లు చట్టం కాకుండానే ఆగిపోయింది. గూగుల్ రివ్యూలున్నాయి కదా అంటారేమో. అవి రాసేది ఎక్కువగా వారానికోసారి వచ్చిపోయే పిల్లలు. లోపల ఉండేవాళ్ళు కాదు.

అందుకే తనిఖీ పని కుటుంబం మీదే పడుతుంది. హోం చూడబోయినవాళ్ళు తోట, లిఫ్టు, ఏసీ, ఆవరణలో గుడి చూసి సంతృప్తి పడి వచ్చేస్తారు. పెద్దవాళ్ళ ప్రాణానికి ముప్పు తెచ్చేవి అక్కడ ఉండవు. రాత్రి ఎంతమంది మేలుకుని ఉంటారు, మంచాన ఉన్నవారిని ఎవరు తిప్పుతారు, మందుల పుస్తకం ఎవరు రాస్తారు: ఈ మూడింటికీ సరైన జవాబు ఉన్న పాత ఇల్లు, జవాబు లేని కొత్త భవనం కన్నా మేలు.

ముందు మనిషిని చూడండి, తరవాత హోంను

ఆరు పనులు రాసుకోండి: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్ళి శుభ్రం చేసుకోవడం, మంచం మీంచి లేచి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తనంతట తాను తినడం. ఒక్కోదానికి ఎవరి సాయమూ అక్కర్లేకపోతే ఒక మార్కు. దీన్ని కాట్జ్ సూచిక అంటారు. వృద్ధుల వైద్యులు అరవై ఏళ్ళుగా వాడుతున్నదే. ఆరుకు ఆరు వస్తే సీనియర్ ఫ్లాటైనా (పెద్దవాళ్ళ కోసమే కట్టి, సేవలతో సహా అమ్మే అపార్టుమెంటు), మామూలు పెయిడ్ హోమైనా సరిపోతుంది. మూడు నుంచి ఐదు మధ్యలో ఉంటే రోజంతా పిలిస్తే పలికే ఆయా ఉన్న చోటు కావాలి. రెండు, అంతకన్నా తక్కువైతే నర్సింగ్ కేర్ తప్ప మిగతావాటి గురించి ఆలోచించి లాభం లేదు.

మార్కులు ఫోనులో వెయ్యకండి. "నాకేం, బానే ఉన్నా" అనే తండ్రి కమోడ్ మీంచి లేవడానికి వాష్‌బేసిన్ పట్టుకుని వేలాడుతుంటాడు. రెండు రాత్రులు పక్కన పడుకుంటే తెలుస్తుంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో, లేచినప్పుడు తూలుతున్నారో లేదో. మతిమరుపు సంగతి వేరు. డిమెన్షియా ఉన్నవారికి ఒంట్లో బలం ఉండి ఆరుకు ఆరు వచ్చినా, గేటు దాటి వెళ్ళిపోతే తిరిగి రాలేరు. వాళ్ళ విషయంలో ఈ మార్కులు లెక్కలోకి రావు.

ఇవాళ్టి మార్కుతోపాటు ఏడాది తరవాత ఎంత ఉండవచ్చో డాక్టరును అడగండి. పార్కిన్సన్స్ (నడక రానురాను కష్టమయ్యే నరాల జబ్బు) ఉన్నవారిని మెట్లెక్కగలిగినవారినే చేర్చుకునే హోంలో పెడితే, ఏడాది తిరక్కుండానే ఇంకో హోం వెతుక్కోవాలి. ఆ వయసులో రెండోసారి చోటు మారడం మొదటిసారి కన్నా ఎక్కువ కుంగదీస్తుంది.

ఐదు దారులు, ఒక్కోదాని మెలిక

ఉచిత ఆశ్రమాలు ఎవరూ లేనివారి కోసం. పిల్లలున్నారని తెలిస్తే చాలావాటిలో చేర్చుకోరు, మంచాన పడ్డవారిని తీసుకోవడం మరీ అరుదు. స్వచ్ఛంద సంస్థలు నడిపే వీటిలో కొన్నిటికి కేంద్ర ప్రభుత్వ గ్రాంటు వస్తుంది, ఎక్కువభాగం దాతల మీదే నడుస్తాయి. ఇక్కడ చూడాల్సింది ఎవరూ చూడనిది: దాతల భోజనం. పుట్టినరోజులకూ పెళ్ళిరోజులకూ వచ్చే బిర్యానీ, స్వీట్లు షుగరు ఉన్నవారికీ అలాగే వడ్డిస్తున్నారా, లేక వాళ్ళకు విడిగా వండుతున్నారా? విడిగా వండే ఆశ్రమం మిగతా విషయాల్లో కూడా జాగ్రత్తగానే ఉంటుంది.

పెయిడ్ హోములు ఎక్కువగా అద్దెకు తీసుకున్న ఇళ్ళలో నడుస్తాయి. నడిచే మనుషులకు ఇవి చాలు, ఖర్చూ తక్కువ. ఇబ్బందల్లా, మొదట నడిచేవారితో మొదలైన హోంలో నాలుగైదేళ్ళకు సగంమంది మంచాన పడతారు. సిబ్బంది మాత్రం మొదట ఉన్నంతమందే ఉంటారు. కాబట్టి "ఎంతమంది ఉన్నారు?" అని అడిగి ఊరుకోకండి. "అందులో మంచాన ఉన్నది ఎంతమంది, డైపరు వాడేది ఎంతమంది, చేత్తో తినిపించాల్సింది ఎంతమందికి?" అని మూడు లెక్కలు విడివిడిగా అడగండి.

సీనియర్ ఫ్లాట్లు అరవై అయిదు, డెబ్బై ఏళ్ళ వయసులో ఆరోగ్యంగా ఉన్న దంపతులకు బాగుంటాయి. ఎనభై నాలుగేళ్ళకు వాకరుతో నడిచే ఒంటరి మనిషికి అది ఖరీదైన ఒంటరితనం. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ సరే, అది భవనానికి సంబంధించినది. సేవలు అందించేది మరో కంపెనీ అయినప్పుడు బిల్డరు, సేవల కంపెనీ, కొనేవారు ముగ్గురూ సంతకం చేసే ఒప్పందం ఉండాలని 2019లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ ఇచ్చిన నమూనా మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ మూడు పక్షాల ఒప్పందం చూపించమనండి. అది లేకపోతే, సేవల కంపెనీ వెళ్ళిపోయిన రోజు మీ చేతిలో మిగిలేది ఊరికి దూరంగా ఉన్న ఒక మామూలు ఫ్లాటు. దంపతుల్లో ఒకరు పోతే నెలవారీ చార్జీ సగమవుతుందా? మంచాన పడితే అదే ఆవరణలో కేర్ వార్డు ఉందా, బయటికి వెళ్ళాలా? సొంత అటెండెంటును రానిస్తారా? ఇల్లు అమ్మాలంటే కొనేవారికి కూడా వయసు నిబంధన ఉందా? వీటికి జవాబు నోటితో చెబితే సరిపోదు, ఒప్పందంలో కనబడాలి.

నర్సింగ్ కేర్ హోం అన్న బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. సెలైను పెడతాం, ఆక్సిజన్ పెడతాం అంటే జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌వో) దగ్గర రిజిస్టరైన పత్రం చూపించమనండి. "సిస్టర్" అని పిలిచినంత మాత్రాన ఆ అమ్మాయి నర్సు కాదు. ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ వేరువేరు చదువులు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే అసలు నర్సు వెంటనే చెబుతుంది. తెల్లకోటు వేసుకున్న ఆయా సర్దుకుంటుంది.

ఇంట్లో అటెండెంటును పెట్టుకోవడం పెద్దవాళ్ళకు అన్నిటికన్నా ఇష్టమైన దారి. మార్కులు మూడు నుంచి ఐదు మధ్య ఉండి, ఇంట్లో ఇంకో మనిషి ఉంటే ఇదే మంచిది. కానీ "24 గంటల అటెండెంటు" అనేది అయ్యే పని కాదు. ఎవరైనా నిద్రపోవాలి కదా. మంచాన ఉన్నవారికైతే పన్నెండేసి గంటల చొప్పున ఇద్దరు కావాలి. బరువైన మనిషిని తిప్పడానికి ఒకేసారి ఇద్దరు చేయి వెయ్యాలి. ఏజెన్సీ పంపే మనిషి పండక్కి ఊరెళ్తే బదులు ఎవరు, ఎన్ని గంటల్లో వస్తారు అన్నది రాతలో ఉండాలి. ఆధార్ నకలు, పోలీసు వెరిఫికేషన్ మొదటి రోజే తీసుకోండి, రెండో వారంలో కాదు. పిల్లలందరూ అమెరికాలో ఉండి, ఇక్కడ పర్యవేక్షించే మనిషి ఒక్కరూ లేనప్పుడు ఈ దారి పనిచేయదు. అటెండెంటు మంచిదైనా, ఆమెకు జ్వరం వచ్చిన రోజున అడిగే దిక్కు ఉండదు.

రాత్రి లెక్క

"మా దగ్గర పన్నెండు మంది స్టాఫ్ ఉన్నారండీ" అని మేనేజరు చెబుతాడు. ఆ పన్నెండులో ఇద్దరు వంటవాళ్ళు, ఒకరు ఊడ్చేవాళ్ళు, ఒకరు వాచ్‌మన్ అనుకుందాం. మిగిలింది ఎనిమిది. ఒక చోట ఎప్పుడూ ఒక మనిషి ఉండాలంటే పన్నెండు గంటల డ్యూటీలు వారానికి 14. ఒకరు వారానికి ఆరు డ్యూటీలు చేస్తారు. అంటే ఒక్క చోటు నిండడానికి రెండుంపావుకు పైగా మనుషులు కావాలి. సెలవులు కలిపితే రెండున్నర. ఎనిమిది మందితో ఏ సమయంలోనైనా సగటున ముగ్గురికి మించి ఉండరు. రాత్రికి ఇద్దరే మిగులుతారు, పగటి పని ఎక్కువ కాబట్టి.

ఇప్పుడు ఆ ఇద్దరి రాత్రి చూడండి. పది మంది మంచాన ఉన్నారు. పడక పుళ్ళు రాకుండా రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి. ఒకరిని తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, మడమలు పరుపుకు తగలకుండా సర్దడానికి ఇద్దరికి ఐదు నిమిషాలు. పదిమందికి యాభై. వాళ్ళలో నలుగురికి డైపరు మార్చి, తుడిచి, ఆరనిచ్చి, కొత్తది వెయ్యడానికి మనిషికి పది నిమిషాల చొప్పున నలభై. రెండు గంటల్లో గంటన్నర అయిపోయింది. మిగిలిన అరగంటలో బెల్లు కొట్టినవారిని బాత్రూముకు తీసుకెళ్ళాలి, రాత్రి షుగరు చూడాలి. సరిగ్గా సరిపోయే లెక్క ఇది. ఒక్కరు రాకపోతే ఆ రాత్రి తిప్పడం జరగదు. పదిహేను మంది మంచాన ఉండి రాత్రికి ఇద్దరే అంటే, రెండు గంటలకోసారి తిప్పుతున్నామన్న మాట నిజం కాదు. వాదించక్కర్లేదు, కాగితం మీద ఈ లెక్క వేసి చూపించి ఏమంటారో వినండి.

రాత్రి ఎనిమిది తరవాత ఒకసారి, తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి వెళ్ళండి. చెప్పకుండా వస్తే రానివ్వమనే హోంను అక్కడితో వదిలెయ్యొచ్చు. ఎవరి మంచం దగ్గరైనా బెల్లు నొక్కి, మనిషి రావడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. చాలాచోట్ల బెల్లు ఉంటుంది, దాని తీగ గోడకు చుట్టి పైన కట్టేసి ఉంటుంది.

బాత్రూము, నిప్పు

పెద్దవాళ్ళు తరచూ పడే చోట్లలో ఒకటి రాత్రి మంచానికీ బాత్రూముకూ మధ్య. బాత్రూములో నేల మీద ఒక మగ్గు నీళ్ళు పోసి చెప్పు లేకుండా కాలు రాయండి. జారితే టైల్సు తప్పు. కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ మీద మీ బరువంతా వేసి వేలాడండి. టవల్ ఆరేసుకునే కడ్డీని చూపించి "గ్రాబ్ బార్ ఉందండీ" అనేవాళ్ళున్నారు, అది ఊడి మనిషి మీదే పడుతుంది. కమోడ్ సీటు నేల నుంచి 45 నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే మోకాళ్ళ నొప్పులవారు లేవగలరు. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లుంటే వీల్‌చైర్ దూరుతుంది. గడియ బయటి నుంచి కూడా తెరుచుకోవాలి. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. ఆరంగుళాల గడపకు ఆరడుగులు. బండి ఎక్కించడానికి వేసిన నిటారు ర్యాంపు మీద వీల్‌చైర్ వెనక్కి జారుతుంది.

గీజరు నీళ్ళ సంగతి తేలిగ్గా తీసుకుంటారు. 60 డిగ్రీల నీళ్ళు ఐదారు సెకన్లలో ఒంటిని లోతుగా కాలుస్తాయి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయినవారికి కాలినట్టు కూడా తెలియదు. బకెట్లో ముందు చన్నీళ్ళు పట్టి తరవాత వేడినీళ్ళు కలిపి, మోచేత్తో చూసి పొయ్యాలి. స్నానం చేయించే ఆయానే ఎలా కలుపుతావని అడగండి.

నిప్పు విషయంలో నాలుగు చూడండి. మంచాన ఉన్నవారు కింది అంతస్తులోనే ఉన్నారా? కిటికీ గ్రిల్లుల్లో ఒకటైనా తెరుచుకుంటుందా, దాని తాళంచెవి రాత్రి డ్యూటీ మనిషి దగ్గరే ఉందా? రెండో మెట్లదారి సామాన్లతో నిండిపోయి ఉందా? మంటలార్పే సిలిండరు ముల్లు పచ్చరంగులో ఉందా, రీఫిల్ తేదీ దాటిందా? తాళాల సంగతి ఊరికే చెప్పడం లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. వాళ్ళు గొలుసులతో కట్టేసి ఉన్నారు.

పుస్తకాలు అబద్ధం చెప్పేది ఎక్కడ

మందుల చార్టు అడగండి. మనిషికో కాగితం, అందులో మందు పేరు, మోతాదు, వేళ, ఇచ్చినవారి సంతకం ఉండాలి. మీరు మధ్యాహ్నం మూడింటికి చూస్తున్నప్పుడే రాత్రి తొమ్మిది గడిలో సంతకం పడి ఉంటే ఆ చార్టు అలంకారానికి. అందరి మందులూ ఒకే డబ్బాలో ఉండడం, కత్తిరించిన స్ట్రిప్పు ముక్కల మీద పేరూ ఎక్స్‌పైరీ లేకపోవడం, ఇవి ఒకరి బీపీ మాత్ర ఇంకొకరికి పడే దారులు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి, ఫ్రీజరు గోడకు తగలకూడదు, గడ్డకడితే పారెయ్యాల్సిందే. తెరిచిన సీసా మీద తెరిచిన తేదీ రాసి ఉండాలి, చాలా రకాలు 28 రోజులే పనిచేస్తాయి.

మేనేజరును కాదు, రాత్రి ఆయాను అడగండి: "షుగరు 70 కన్నా తగ్గితే ఏం చేస్తావమ్మా?" సరైన జవాబు: స్పృహ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడడం; స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోను చెయ్యడం. "సార్‌కి ఫోన్ చేస్తా" అంటే సార్ ఫోను ఎత్తేదాకా ఆ మనిషి అలాగే ఉంటాడు.

"ఇప్పుడు ఇక్కడ ఎంతమందికి పడక పుళ్ళున్నాయి?" అన్న ప్రశ్నకు, ఇరవై మంది మంచాన ఉన్న హోం "ఒక్కరికీ లేవు" అంటే అనుమానించాలి. "ఇద్దరికున్నాయి, ఒకరు ఆస్పత్రి నుంచి పుండుతోనే వచ్చారు, ఇదిగో కొలతల కాగితం" అన్నదే నమ్మదగ్గ జవాబు. మొదటి దశలో నడుము కింది ఎముక మీదా, తుంటి మీదా, మడమల మీదా చర్మం కందుతుంది. వేలితో నొక్కినా తెల్లబడదు. నల్లని ఒంటి మీద ఎరుపు కనపడదు కాబట్టి వేడిగా, గట్టిగా ఉందేమో తాకి చూడాలి. గాలి పరుపు ఉంది కదా అని తిప్పడం మానేస్తారు, కరెంటు పోతే అది చదునైపోతుంది. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి దిండు పుండు చుట్టూ రక్తం ఆడకుండా చేస్తుంది, అది కనబడితే అక్కడ పని తెలిసిన నర్సు లేనట్టే.

ఇక గజ్జి. హోములు దాచిపెట్టే జబ్బుల్లో ఇదే మొదటిది. రాత్రి ఎక్కువయ్యే దురద, వేళ్ళ సందుల్లో చిన్న పొక్కులు. ఒక్కరికి మందు రాసి ఊరుకుంటే రెండు వారాల్లో మళ్ళీ వస్తుంది. పర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి అరికాళ్ళ దాకా, పెద్దవాళ్ళకైతే కళ్ళకు తగలకుండా తలకూ ముఖానికీ కూడా రాసి 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి, వారానికి మళ్ళీ రాయాలి. ఉన్నవాళ్ళందరికీ, ఆయాలకూ ఒకే రోజు. దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి, ఉతకలేనివి సంచిలో మూతికట్టి మూడు రోజులకు తక్కువ కాకుండా పక్కన పెట్టాలి. "మా దగ్గర ఎప్పుడూ రాలేదు" అనేవారి కన్నా, వచ్చినప్పుడు ఇలా చేశామని వరస చెప్పగలిగేవారు నయం.

ఆరున్నర భోజనం, తొమ్మిదింటి టిఫిను

వంటవాళ్ళు ఇంటికెళ్ళాలని సాయంత్రం ఆరున్నరకే రాత్రి భోజనం పెట్టి, మర్నాడు తొమ్మిదికి టిఫిను పెట్టే హోములు చాలా ఉన్నాయి. మధ్యలో పద్నాలుగున్నర గంటలు. అమెరికా నర్సింగ్ హోముల నిబంధనల్లో ఈ ఎడం మామూలుగా 14 గంటలు దాటకూడదు. ఇన్సులిన్ తీసుకునేవారికి తెల్లవారుజామున షుగరు పడిపోయేది ఇందుకే. రాత్రి తొమ్మిదికి పాలో, రాగిజావో ఇస్తారా అని అడగండి.

అరవై కిలోల పెద్దమనిషికి రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీను కావాలి. ఒక గుడ్డులో ఆరు, పెద్ద గ్లాసు పాలల్లో ఏడెనిమిది గ్రాములుంటుంది. ఉప్మా, నీళ్ళచారు, మజ్జిగన్నం మెనూతో సగం కూడా రాదు. వారం మెనూ కాగితం కాదు, వంటింట్లో పప్పు గిన్నెలో గరిటె తిప్పి చూడండి. నెలనెలా బరువు రాసే పుస్తకం అడగండి. నెలలో ఐదు శాతం, అంటే యాభై కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే డాక్టరును పిలవాల్సిన సంగతే. విదేశాల్లో ఉన్న పిల్లలు గదిలో కెమెరా కావాలని పట్టుబడతారు. కెమెరాలో అమ్మ మంచం మీద పడుకునే కనిపిస్తుంది. వారం వారం బరువు, షుగరు, వీపు ఫొటో వాట్సాప్‌లో పంపించమనండి. అది కెమెరా కన్నా ఎక్కువ చెబుతుంది.

నీళ్ళ సంగతి ఇంకొకటి. డైపర్లు మార్చే పని తగ్గుతుందని సాయంత్రం నుంచి నీళ్ళు తగ్గించే ఆయాలుంటారు. రెంటచింతల, రామగుండం ఎండల్లో అలా చేస్తే మూత్రంలో ఇన్ఫెక్షను, దాంతో ఉన్నట్టుండి మాట తడబడడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం. మతిమరుపు ముదిరిందని మత్తుమాత్ర ఇచ్చేస్తారు. డిమెన్షియా ఉన్నవారిని చూసే హోంలో పొద్దున పదకొండింటికి హాల్లో సగంమంది కుర్చీల్లో జోగుతుంటే ఆ మాత్రలే కారణం కావచ్చు. చీరతోనో తువ్వాలుతోనో కుర్చీకి కట్టేసి కనబడితే ఇక అడగాల్సిందేమీ లేదు. మానసిక అనారోగ్యం ఉన్నవారిని గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనూ ఒప్పుకోదు. ఆడవాళ్ళందరికీ ఒకేలా క్రాపు కొట్టించిన హోం కూడా ఒక మాట చెబుతోంది: ఇక్కడ ఏ పనైనా సిబ్బంది సౌకర్యాన్ని బట్టే జరుగుతుంది.

బిల్లు, ఒప్పందం

నెల చార్జీలో ఏం కలవదో అడగండి. డైపర్లు రోజుకు నాలుగు చొప్పున నెలకు 120. ఒకటి 40 రూపాయలనుకుంటే 4,800. ఫిజియోథెరపీ, డాక్టరు విజిటు, చేతి గ్లోవ్స్, ప్రత్యేక ఆయా, అన్నీ కలిపి రెండు హోముల మొత్తాన్ని పక్కపక్కన రాయండి. తక్కువ చార్జీ చెప్పిన హోం చాలాసార్లు ఎక్కువవుతుంది. ప్రభుత్వమో, ఆదాయపు పన్ను చట్టం కింద రిజిస్టరైన ధార్మిక సంస్థో నడిపే హోంలో అరవై దాటినవారికి నెలకు 25,000 రూపాయల దాకా, భోజనం, బస, నిర్వహణ కలిపి తీసుకునే చార్జీకి జీఎస్టీ లేదని 2018లో మినహాయింపు ఇచ్చారు. మిగతా హోముల బిల్లులో పన్ను కలుస్తుందా అన్నది ముందే తేల్చుకోండి.

ఒప్పందంలో వెతకాల్సినవి: డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఆస్పత్రిలో ఉన్న రోజులకు చార్జీ ఎంత, ఏటా ఎంత శాతం పెంచుతారు, ఏ పరిస్థితుల్లో "తీసుకెళ్ళిపోండి" అంటారు, అర్ధరాత్రి ఆస్పత్రిలో చేర్చేటప్పుడు సంతకం ఎవరు పెడతారు. సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రి ఎంత దూరమో రాత్రిపూట కారులో వెళ్ళి చూడండి. పక్షవాతం వస్తే గడ్డ కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, ప్రయాణానికే గంటన్నర పోతే కష్టం. డెబ్బై దాటినవారికి ఆయుష్మాన్ వయ వందన కార్డు (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు) ఉంటే దాని నకలు హోం ఫైల్లో పెట్టించండి. మరణం సంభవిస్తే ధ్రువపత్రం ఇచ్చే డాక్టరు ఎవరు, పిల్లలు వచ్చేదాకా ఫ్రీజర్ బాక్సు ఎవరు తెప్పిస్తారు అన్నదీ మొహమాటపడకుండా అడగాల్సిందే. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి.

"ఇల్లు రాసివ్వండి, జీవితాంతం చూసుకుంటాం" అనే మాటకు తలూపకండి. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చి, చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయమని 2007 చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. ఆ షరతు పత్రంలో లేకపోతే కేసు నిలబెట్టుకోవడం కష్టమవుతుంది. హోంలో కొడుతున్నారనో, తిండి పెట్టడం లేదనో తెలిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

చేర్చేటప్పుడు ఒక నెలకే మాట్లాడుకోండి, పెద్ద డిపాజిట్ ఆ నెల తరవాతే కట్టండి. చేరిన రోజు బరువు, వీపు ఫొటో, మందుల జాబితా మీ దగ్గర పెట్టుకోండి. మొదటి పది రోజులు "తీసుకెళ్ళిపో" అనడం మామూలే, దాన్నిబట్టి నిర్ణయించకండి. మూడో వారంలో పక్క మంచంవారి పేరు చెబుతున్నారా, భోజనానికి పిలవకుండానే వస్తున్నారా చూడండి. నెలాఖరుకు బరువు నిలబడి, చర్మం బాగుండి, మీరు చెప్పకుండా వెళ్ళిన రెండుసార్లూ బెల్లుకు మనిషి వచ్చి ఉంటే డిపాజిట్ కట్టండి. అప్పటిదాకా ఇంటిని అద్దెకు ఇవ్వకండి.